ఆటా అదే ఫోన్లో, బ్యాంకూ అదే ఫోన్లో

మడకశిర చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లకు స్మార్ట్‌ఫోను ఒకటే. పొద్దున అది తండ్రి జేబులో ఉంటుంది. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు ఏ ధర పలికాయో కనుక్కోవడానికి, వక్క వ్యాపారికి కబురు పెట్టడానికి, బెంగళూరులో పనిచేసే పెద్దకొడుకు వేసిన డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి అదే దిక్కు. ఆధార్ ఫొటో, పాస్‌బుక్ మొదటి పేజీ, శనక్కాయ పంటకు తీసుకున్న అప్పు వివరాలు, ఈ-క్రాప్ నమోదు మెసేజీలు అన్నీ అందులోనే. సాయంత్రం ఆరు దాటాక అదే ఫోను బడి నుంచి వచ్చిన పిల్లవాడి చేతికి పోతుంది. అప్పటినుంచి అది యుద్ధభూమి.

ఆన్‌లైన్ ఆటల్లో సైబర్ నేరాల గురించి వచ్చే సలహాలు చాలావరకు నగరపు ఇంటిని ఊహించుకుని రాసినవి. పిల్లవాడికి వేరే ట్యాబు, తల్లిదండ్రులకు వేరే ఫోన్లు, అందరికీ వేర్వేరు ఈమెయిళ్లు ఉంటాయన్నది ఆ ఊహ. ఇక్కడ ఇంటిల్లిపాదికీ గూగుల్ ఖాతా ఒకటే, అదీ ఫోను కొన్న రోజున దుకాణంలో కుర్రాడు చేసిపెట్టింది. దాని పాస్‌వర్డు తండ్రికి తెలియదు. ఆట ఐడీ పోయిందంటే నగరంలో పిల్లవాడి తుపాకీ బొమ్మలు పోయినట్టు. ఇక్కడ ఆ ఐడీ వెనకాలే ఇంటి లావాదేవీలన్నీ ఉంటాయి. ఈ సమస్యను ఎటువైపు నుంచి చూసినా ముందు పట్టించుకోవాల్సింది ఈ తేడానే.

అసలు దొంగ ఎవరూ లేకుండానే ఇల్లు గుల్లైన ఘటనతో మొదలుపెట్టడం మంచిది. 2022 జూన్‌లో హైదరాబాదు అంబర్‌పేటకు చెందిన ఒక మహిళ డబ్బు తీసుకుందామని బ్యాంకుకు వెళ్తే ఖాతాలో ఏమీ లేదు. పోలీసు శాఖలో పనిచేస్తూ చనిపోయిన భర్త తాలూకు సొమ్ము అది. రెండు బ్యాంకుల్లో కలిపి 36 లక్షలు. ఆరా తీస్తే పదహారేళ్ల కొడుకు ఫ్రీ ఫైర్ ఆటలో కొనుగోళ్లు చేశాడని తేలింది. తొలుత పదిహేను వందలు, తర్వాత పది వేలు, ఆపైన ఒక్కో విడతకు లక్షలు. ఏ మోసగాడూ ఓటీపీ అడగలేదు, ఎవరూ లింకు పంపలేదు. తల్లి ఖాతాల నుంచి చెల్లింపులు కొడుకే చేశాడు, బ్యాంకు దృష్టిలో అన్నీ సక్రమమే. అంతకు రెండేళ్ల ముందు పంజాబులోని ఖరర్‌లో పబ్జీ కోసం ఒక కుర్రాడు 16 లక్షలు ఇలాగే ఖర్చు పెట్టాడు.

ఈ రెండు ఘటనల్లో గమనించాల్సింది మొత్తం కన్నా మెట్లు. డైమండ్లు, యూసీ అంటూ ఆట లోపల వేరే నాణెం చెలామణిలో ఉంటుంది. రూపాయి ఒకసారి డైమండుగా మారాక ఎంత ఖర్చవుతోందో లెక్క తెలియదు. ఇది యాదృచ్ఛికం కాదని అమెరికాలో తేలింది. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే, 2022 డిసెంబరులో ఆ కంపెనీ 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. పొరపాటున ఒక్క మీట నొక్కినా కొనుగోలు అయిపోయేలా తెరను అమర్చారన్నది ఒక ఆరోపణ. దానికి 24.5 కోట్ల డాలర్లు ఆటగాళ్లకు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. పిల్లల సమాచారం అనుమతి లేకుండా సేకరించారన్న ఆరోపణకు మిగతా 27.5 కోట్లు జరిమానా. పిల్లలు ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడే వీలు ముందుగానే తెరిచి ఉంచారన్న అభియోగం కూడా ఆ కేసులోనే ఉంది. తప్పంతా పిల్లలదే అనే పెద్దలు ఈ కేసు వివరాలు ఒకసారి చూడాలి.

ఇక ఆట చుట్టూ కాపు కాసే దొంగల సంగతి. వీళ్ల పద్ధతి దగ్గరగా చూస్తే తప్ప అర్థం కాదు.

పిల్లవాడు పబ్జీ స్థానంలో వచ్చిన బీజీఎంఐలో ఒక రౌండు ముగించాడు. బాగా ఆడాడు. అదే జట్టులో ఆడిన ఒకడు స్నేహం కలిపి, ఇన్‌స్టాగ్రామ్‌లో కలుద్దాం అంటాడు. మర్నాడు సందేశం వస్తుంది: "బ్రో, నాకు ఆరువందల యూసీ ఫ్రీగా వచ్చింది, ఈరోజే లాస్ట్." కింద ఒక లింకు. నొక్కితే ఆట పేజీ లాంటిదే తెరుచుకుంటుంది, రంగులూ అక్షరాలూ అచ్చం అవే. ఐడీ నంబరు అడుగుతుంది, అది ఇస్తే ఏమీ కాదు. తర్వాత ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లాగిన్ అవ్వమంటుంది. తెరుచుకున్న చిన్న పెట్టె కూడా నకిలీదే, పైన కనిపించే చిరునామా బొమ్మలో గీసిన చిరునామా. పాస్‌వర్డు కొట్టగానే అది అవతలివాడికి చేరుతుంది. వెంటనే ఫోనుకు ఒక కోడ్ వస్తుంది. యూసీ పడాలంటే ఆ కోడ్ కావాలని పేజీ అడుగుతుంది. పిల్లవాడు అదీ కొడతాడు. రెండు నిమిషాల్లో పాస్‌వర్డు మారిపోతుంది, రికవరీ నంబరు మారిపోతుంది. స్నేహితులందరికీ "అర్జెంటుగా రెండు వేలు పంపు" అంటూ అతని పేరు మీద సందేశాలు వెళ్లడం మొదలవుతుంది.

ఆ గూగుల్ ఖాతా తండ్రిదైతే దొంగకు దక్కేది ఆట ఐడీతో ఆగదు. ఫొటోలన్నీ తమంతట తాముగా గూగుల్ ఫొటోస్‌లోకి చేరుతుంటాయి గనుక, ఆధార్ కార్డు, పాస్‌బుక్, పట్టాదారు పుస్తకం, ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు అన్నీ అతని చేతికి వస్తాయి. క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డులు అదనం. పిల్లవాడికి ఆరువందల యూసీ మీద ఉన్న ఆశ ఇక్కడిదాకా తెచ్చిందని తండ్రికి చెప్పేవాళ్లుండరు.

ఐడీల అమ్మకం ఇంకో రకం. మంచి స్కిన్లున్న ఐడీని టెలిగ్రామ్‌లో మూడు వేలకో ఐదు వేలకో అమ్ముతామంటారు. ఇలా అమ్మడం కొనడం ఆట కంపెనీల నిబంధనలకే విరుద్ధం. డబ్బు ముందే పంపమంటారు, పంపాక మాయమవుతారు. నిజంగానే ఐడీ ఇచ్చినా, దాన్ని మొదట తెరిచినవాడి ఈమెయిలు కంపెనీ దగ్గర ఉంటుంది గనుక, నెల తర్వాత తన ఐడీ పోయిందని చెప్పి వెనక్కి లాక్కుంటాడు. కొన్నవాడు ఎవరికి చెప్పుకుంటాడు?

నిషేధాలు ఈ విషయంలో అనుకోని పని చేశాయి. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌తో కలిపి 118 చైనా సంబంధిత యాప్‌లను కేంద్రం నిషేధించింది. 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. 2022 జులై చివర బీజీఎంఐ కూడా యాప్ స్టోర్లలో మాయమై, 2023 మే నెలాఖరుకు గానీ తిరిగి రాలేదు. పది నెలలు. ఆ పది నెలలూ పిల్లలు ఆడటం మానలేదు. తెలిసిన అన్న పంపిన ఏపీకే ఫైలు, యూట్యూబ్ వీడియో కింద లింకు, "తెలియని చోటునుంచి వచ్చిన యాప్‌లను అనుమతించు" అన్న చోట ఒక్క నొక్కు. ప్లేస్టోర్ బయటి నుంచి యాప్ దించుకోవడం ఒక తరం పిల్లలకు అలవాటైంది ఇలాగే. అలవాటైన చెయ్యి తర్వాత "హ్యాక్ మెనూ", "ఆటో హెడ్‌షాట్" లాంటివీ దించుకుంటుంది. ఇలాంటి యాప్ మెసేజీలు చదివే అనుమతి గానీ, తెరను చదివే యాక్సెసిబిలిటీ అనుమతి గానీ అడిగిందంటే అది ఆట కోసం వచ్చింది కాదు. తుపాకీ గురి కుదరడానికి బ్యాంకు ఓటీపీ అవసరం లేదు.

అధికారిక దుకాణాలూ పేరున్న సైట్లూ అయితే పూర్తిగా భద్రమా అంటే అదీ లేదు. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మోడ్‌లు దొరికే పేరున్న సైట్లలోకే పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాము చొరబడింది. 2025 సెప్టెంబరులో కంప్యూటర్ ఆటల దుకాణం స్టీమ్‌లో ఉన్న బ్లాక్‌బ్లాస్టర్స్ అనే ఆట, క్యాన్సర్ చికిత్సకు విరాళాలు కూడబెట్టుకుంటున్న ఒక లాత్వియా ఆటగాడి నుంచి 32 వేల డాలర్ల పైచిలుకు క్రిప్టో సొమ్ము ఊడ్చేసింది. ఇవి కంప్యూటర్ ఆటలు, మడకశిర పిల్లలకు కాస్త దూరం. అయినా ప్లేస్టోర్‌లో ఉంది గదా అని కళ్లు మూసుకుని నమ్మేవాళ్లకు పనికొచ్చే ఉదాహరణలే.

డబ్బు పెట్టి ఆడే ఆటల కథ పూర్తిగా వేరు. దాన్ని చెప్పడానికి మడకశిరకు మించిన చోటు దొరకదు. ఈ నియోజకవర్గం కర్ణాటకలోకి పొడుచుకొచ్చిన నేల. అగళి, రొళ్ల, అమరాపురం మండలాల ఊళ్లలో సంతకు పోయినా పెళ్లి సంబంధం చూసినా సగం అవతలివైపే. శిరా, పావగడ, మధుగిరి దగ్గరి ఊళ్లే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి పందెపు ఆటలను నిషేధించింది. నడిపినవాళ్లకు తొలిసారి ఏడాది జైలు, ఆడినవాళ్లకూ ఆరు నెలల దాకా. అక్టోబరులో ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి 132 సైట్లు, యాప్‌లను దేశంలో అందకుండా చేయమని కేంద్రానికి లేఖ రాశారు. తెలంగాణ ఈ పని 2017లోనే చేసింది. కర్ణాటక 2021 అక్టోబరులో చేసింది గానీ, 2022 ఫిబ్రవరి 14న ఆ రాష్ట్ర హైకోర్టు సవరణలోని ముఖ్యమైన భాగాలను కొట్టేసింది. దాంతో మూడున్నరేళ్ల పాటు సరిహద్దు రాయికి ఇవతల నేరమైన ఆట అవతల న్యాయమైన వ్యాపారం. కంపెనీలు ఫోను ఎక్కడుందో చూసి ఆంధ్రలో ఉంటే ఆట తెరవనిచ్చేవి కావు. అందుకు విరుగుడుగా లొకేషన్ మార్చి చూపే యాప్‌లు ఉన్నాయి, ఉచితంగా. వాటి కోసం ఫోనులో డెవలపర్ ఆప్షన్లు తెరవాలి, ఊరూపేరూ లేని యాప్‌కు అనుమతులివ్వాలి. చట్టం తప్పించుకోవడానికి తీసిన తలుపులోంచే దొంగ లోపలికి వస్తాడు.

ఇంతకన్నా పెద్ద నష్టం ఒకటుంది. ఆడినవాడూ నేరస్థుడే అని చట్టంలో రాసిపెట్టాక, మోసపోయినవాడు స్టేషను మెట్లెక్కడు. రమ్మీ పేరుతో నకిలీ యాప్ లక్ష తినేసినా నోరు మెదపడు. ఆ భయమే మోసగాళ్లకు పెట్టుబడి అయింది. 2020 నాటి చట్టం ఉద్దేశం మంచిదే కావచ్చు. అదే ఏడాది నూజివీడులో ఒక బ్యాంకు క్యాషియర్ ఆన్‌లైన్ రమ్మీ కోసం కోటిన్నర దాకా బ్యాంకు సొమ్ము మళ్లించిన కేసు బయటపడింది, ప్రభుత్వం ఊరుకోలేని పరిస్థితి. కానీ ఆడేవాణ్ణి కూడా బోనులో నిలబెట్టడం ఫిర్యాదులను తొక్కిపెట్టింది.

2025 ఆగస్టులో కేంద్రం ఈ ముడి విప్పే ప్రయత్నం చేసింది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో నెగ్గింది, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. నైపుణ్యమా అదృష్టమా అన్న పాత వాదంతో పని లేకుండా, డబ్బు కట్టి డబ్బు గెలుస్తామని ఆశపెట్టే ప్రతి ఆటా నిషేధం. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. చెల్లింపులు జరిపించే సంస్థలకూ శిక్ష ఉంది. ఆడేవాళ్లకు మాత్రం లేదు, వాళ్లను బాధితులుగానే చూస్తామని ప్రభుత్వం చెప్పింది. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారన్నది అప్పట్లో ప్రభుత్వం చూపిన అంచనా. డ్రీమ్11, ఎంపీఎల్ లాంటివి రోజుల్లోనే పందెపు ఆటలు ఆపేశాయి. చట్టం చెల్లదంటూ పలు హైకోర్టుల్లో పడ్డ పిటిషన్లను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెచ్చుకుంది.

అంబర్‌పేట కుర్రాడి 36 లక్షలు ఈ చట్టం కిందికి రావు. అతను కొన్నవి డైమండ్లు, గెలవాలనుకున్నది డబ్బు కాదు. చట్టం వచ్చింది గదా అని నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

పేరున్న కంపెనీలు తప్పుకోవడంతో మిగిలిన చోటు ఎవరిదో ఊహించడం కష్టం కాదు. 2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు పట్టుకున్న ముఠాను గుర్తుచేసుకుంటే చాలు. ఎరుపా పచ్చా చెప్పమని అడిగే రంగుల పందెం అది. టెలిగ్రామ్ గ్రూపుల ద్వారా, ఇంకొకరు చేర్పిస్తేనే ప్రవేశం. సైటు చిరునామా ఎప్పటికప్పుడు మారుతుంది. ఒక చైనా జాతీయుడితో పాటు మనవాళ్లూ అరెస్టయ్యారు. ఆ కంపెనీల ఖాతాల్లో నడిచిన లావాదేవీలు 1,100 కోట్ల పైమాటే. ఈడీ రంగంలోకి దిగి నాలుగు ఖాతాల్లో స్తంభింపజేయగలిగింది 46.96 కోట్లు. మిగతాది చేజారిందని ఆ అంకెల తేడాలోనే తెలుస్తుంది.

ఇలాంటి యాప్‌ల నడక అన్నిచోట్లా ఒకటే. మొదట వంద పెడితే నూట ఎనభై వస్తుంది, నిజంగానే ఖాతాలో పడుతుంది. రెండోసారీ పడుతుంది. పది వేలు పెట్టాక తెర మీద నలభై వేలు కనిపిస్తుంది గానీ తీసుకోబోతే రాదు. పన్ను కట్టాలంటారు, తర్వాత ఖాతా ధ్రువీకరణ రుసుము అంటారు. గెలిచిన సొమ్ము చేతికి రావాలంటే ముందు మనమే డబ్బు కట్టాలని ఎవరన్నా సరే, అక్కడితో ఆపేయాలి. 2022 డిసెంబరులో రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలో ఒక రైతు కుటుంబానికి భూమి పరిశ్రమలకు పోయినందుకు వచ్చిన పరిహారంలో 92 లక్షలు ఇంట్లో చదువుకుంటున్న కొడుకు క్యాసినో యాప్‌లో పోగొట్టాడు. పొలం ఒక్కసారే పోతుంది, దాని డబ్బూ ఒక్కసారే వస్తుంది. భూసేకరణ పరిహారమో, పంట బీమానో, ఆడపిల్ల పెళ్లికని అమ్మిన చెట్ల సొమ్మో ఖాతాలో పడిన నెల, ఆ ఫోనుకు అసలైన గండం ఉన్న నెల.

ఈ యాప్‌లను జనంలోకి తెచ్చింది ఎవరు? 2025 ఫిబ్రవరిలో విశాఖపట్నం పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన ఒక యూట్యూబర్‌ను అరెస్టు చేశారు. మార్చిలో హైదరాబాదు మియాపూర్ పోలీస్ స్టేషన్‌లో సినీ నటులు, సోషల్ మీడియా ప్రముఖులు కలిపి పాతికమంది మీద కేసు నమోదైంది. తాము ప్రచారం చేసినప్పుడు అది చట్టబద్ధమైన నైపుణ్యపు ఆటేనని, ఆంధ్ర తెలంగాణల్లో అందుబాటులో లేదని కొందరు నటులు వివరణ ఇచ్చుకున్నారు. న్యాయస్థానం ఏమంటుందో దాని పని. ఫోను తెర మీద ప్రకటనకు మాత్రం రాష్ట్ర సరిహద్దు తెలియదు, బెంగళూరులో ఉన్న అన్న చూసిన రీలే రొళ్లలో ఉన్న తమ్ముడూ చూస్తాడు. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ ఈ ప్రచారాలకు వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడటం ఈ కేసులకు ఊపునిచ్చింది.

పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి కోసం ఇంకో వల ఉంది. కాలేజీ కుర్రాడితో "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, నెలకింత ఇస్తాం, గేమింగ్ కంపెనీ డబ్బు తిప్పుకోవాలి" అంటారు. ఇతని ఖాతాలోకి ఎక్కడో గుజరాత్‌లోనో కేరళలోనో మోసపోయినవాళ్ల డబ్బు వచ్చి నిమిషాల్లో వెళ్లిపోతుంది. పోలీసులకు కనబడే పేరు, ఆధార్, చిరునామా కుర్రాడివే. ఫిర్యాదు రాగానే ఖాతా స్తంభిస్తుంది, అందులో పడాల్సిన ఫీజు సొమ్ము కూడా చిక్కుకుంటుంది. పరాయి రాష్ట్రం నుంచి నోటీసు వస్తుంది. ఖాతా అద్దెకివ్వడం చిన్న సాయం అనుకునేవాళ్లకు, దాని పేరు నేరంలో భాగస్వామ్యం అని తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

ఆ అవతలి తెర వెనక ఉన్నది కూడా ఒక్కోసారి మనవాళ్లే. 2024 మే నెలలో విశాఖ పోలీసులు వెలికితీసిన వ్యవహారంలో, కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి కంబోడియాకు వెళ్లిన ఉత్తరాంధ్ర యువకుల చేత బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. చిన్న చిన్న పనులిచ్చి డబ్బు గుంజే "టాస్క్" ఆటలూ అందులో ఉన్నాయి. అక్కడ వందలాది భారతీయులు తిరగబడ్డారు కూడా. వాళ్లను తెలుగువాళ్ల మీదికి ఉసిగొల్పడానికి కారణం ఒక్కటే, భాష.

డబ్బు సంబంధం లేని ప్రమాదం గురించి మన ఇళ్లలో మాట్లాడటం తక్కువ. 2025 అక్టోబరులో ముంబయిలో సైబర్ అవగాహన కార్యక్రమంలో నటుడు అక్షయ్‌కుమార్ తన పదమూడేళ్ల కూతురి సంగతి చెప్పారు. ఆన్‌లైన్‌లో ఆడుతుంటే అవతలివాడు మొదట మర్యాదగా మెచ్చుకున్నాడు. ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగాడు. ఆడపిల్ల అని తెలిశాక నగ్న చిత్రాలు పంపమన్నాడు. ఆ పిల్ల వెంటనే ఆట ఆపేసి తల్లికి చెప్పింది. ఆ కథలో భద్రత అంతా ఆఖరి మాటలో ఉంది. తల్లికి చెప్పగలిగింది.

పల్లెల్లో చాలామంది పిల్లలకు ఆ వీలు లేదు. ఆటలో పరిచయమైనవాడు తప్పుగా మాట్లాడాడని చెబితే "నిన్నెవరు ఆడమన్నారు, యాడికి పోయినాయ్ దుడ్లు?" అన్న ప్రశ్న ముందు వస్తుంది, ఫోను లాక్కోవడం తర్వాత. అందుకే చెప్పరు. బెదిరించేవాడికి ఇది తెలుసు. "ఫొటో మీ నాయనకి పంపుతా" అన్న ఒక్క మాటతో వారాల తరబడి పిండుతాడు. ఇలాంటప్పుడు డబ్బు పంపితే బెదిరింపు ఆగదు, పెరుగుతుంది. పిల్లల చిత్రాలు వాడుకోవడం పోక్సో చట్టం, ఐటీ చట్టం 67బీ కింద తీవ్రమైన నేరం. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఫొటో బయటికి పోతుందన్న భయం ఉన్నవాళ్ల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎవరికీ పంపకుండానే దాని గుర్తును మాత్రం తీసుకుని, పెద్ద వేదికల మీద అది కనిపించకుండా చూస్తుంది.

బడుల్లో జరిగే అవగాహన సదస్సుల్లో చాలావాటి సారాంశం "ఆడొద్దు" అనే మూడక్షరాల మీద ముగుస్తుంది. వక్త వెళ్లిపోయాక పిల్లలు ఆడతారు, కాకపోతే దాచుకుని. పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో, ఎవరితో ఆడుతున్నారో ఇంట్లో పక్కన కూర్చుని చూసే తండ్రి, ఆట గురించి పెద్దగా తెలియకపోయినా, సగం పని చేసినట్టే. ఉచితంగా దొరికే చాలా ఆటల్లో మాటలు వినిపించే మైకును, ముక్కూమొహం తెలియనివాళ్ల సందేశాలను ఆపేసే వీలు సెట్టింగుల్లోనే ఉంటుంది. వెతకాలి, అంతే. బీజీఎంఐలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి, తల్లిదండ్రుల ఫోనుకు ఓటీపీ పెట్టారు. తండ్రి ఫోనే పిల్లవాడి చేతిలో ఉన్నప్పుడు ఆ ఓటీపీ ఎవరికి వస్తుందో చెప్పనక్కర్లేదు.

వయసు రుజువు కోసమని ఆధార్ ఫొటో అడిగే ఆటలూ చాట్ యాప్‌లూ ఉన్నాయి. 2025లో డిస్కార్డ్ తరఫున పనిచేసే ఒక సంస్థ నుంచి సుమారు 70 వేల మంది గుర్తింపు కార్డుల చిత్రాలు బయటికి పోయాయి. గుర్తింపు కార్డు ఇవ్వక తప్పని చోటు కాకపోతే ఇవ్వకుండా ఉండటమే మేలు.

ఒక ఫోనే ఉన్న ఇంట్లో చేయగలిగింది ఏమిటి? ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. పిల్లవాడి ఆటకు వేరే గూగుల్ ఖాతా తెరిచి, దాన్ని ఫ్యామిలీ లింక్ ద్వారా తండ్రి ఖాతాకు కలపాలి, ఏది కొనబోయినా తండ్రి అనుమతి అడిగేలా పెట్టాలి. ప్లేస్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగే ఏర్పాటు చేసుకోవాలి, కార్డు వివరాలు దాచి ఉంటే తీసేయాలి. కొనుగోలు అయిపోయాక చూసుకున్నా 48 గంటల్లోపు గూగుల్‌ను డబ్బు వెనక్కి అడగొచ్చు. యూపీఐకి పెద్ద మొత్తం ఉన్న ఖాతా కాకుండా, రెండు మూడు వేలు మించని వేరే ఖాతా కలపడం అన్నిటికన్నా మేలైన తాళం. అంబర్‌పేటలో ఈ ఒక్క ఏర్పాటు ఉండి ఉంటే 36 లక్షల మాటే వచ్చేది కాదేమో. చదువుకునే పిల్లలకు ఖర్చుల కోసం తప్పదనుకుంటే యూపీఐ సర్కిల్ ఉంది. 2024లో వచ్చిన ఈ సదుపాయంలో పెద్దల ఖాతా నుంచే, నెలకు 15 వేలకు మించకుండా, ఇంకొకరికి చెల్లించే హక్కు ఇవ్వొచ్చు. ప్రతి చెల్లింపూ పెద్దల ఆమోదంతోనే జరిగేలా కూడా పెట్టుకోవచ్చు. యూపీఐ పిన్ను పిల్లలకు చెప్పడం సౌకర్యంగా కనిపిస్తుంది. చెప్పిన రోజు నుంచి ఆ ఖాతా ఉమ్మడి ఖాతానే.

గూగుల్ ఖాతాకు, ఆట ఐడీకి రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలని అందరూ చెబుతారు, పెట్టుకోవాలి కూడా. కానీ ముందు చూసిన వలలో పిల్లవాడు ఆ కోడ్‌ను కూడా స్వయంగా ఇచ్చాడు. డబ్బు రావడానికి పిన్నుగానీ ఓటీపీగానీ అక్కర్లేదన్న ఒక్క ముక్క ఇంటిల్లిపాదికీ నోటికి రావాలి.

డబ్బు పోయాక మొదటి గంటలో చేసేదే లెక్కలోకి వస్తుంది. 1930కి ఫోను చేయడం, సైబర్‌క్రైమ్ జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడం. ఫిర్యాదు అందగానే ఆ డబ్బు ఏ ఖాతాకు పోయిందో ఆ బ్యాంకుకు, అక్కడినుంచి పోయిన తర్వాతి బ్యాంకుకు కబురు వెళ్లి, మధ్యలో దొరికినంత నిలిచిపోతుంది. అందుకు కావాల్సింది లావాదేవీ నంబరు, తేదీ, సమయం. యూపీఐలో ఆ నంబరు పన్నెండు అంకెలు. కంగారులో చాలామంది చేసే తప్పు చాట్ తుడిచేయడం, యాప్ తీసేయడం. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకునేదాకా ఏదీ తుడవకూడదు. బ్యాంకుకు కూడా విడిగా చెప్పాలి. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడోవాడి వల్ల జరిగిన లావాదేవీని మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారు మీద భారం పడదు. ఓటీపీ తానే ఇచ్చిన కేసులో, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా ఖాతాదారుదే, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. ఇంట్లో గొడవపడి మర్నాడు చెబుదామనుకుంటే ఆ రాత్రి నష్టం మొత్తం ఇంటి మీదే.

ఫిర్యాదు ఏ ఊళ్లో ఇవ్వాలన్న తర్జనభర్జన అక్కర్లేదు. తండ్రి అమరాపురంలో, ఖాతా మడకశిరలో, కొడుకు ఫోను పట్టుకుని ఆడింది బెంగళూరులో అయినా సరే, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగిందన్నదానితో సంబంధం లేకుండా సమాచారం ఇవ్వొచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి.

పోయినదంతా తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవడం కుదరదు. పార్లమెంటులో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో సైబర్ మోసాల్లో 2023లో 7,465 కోట్లు పోతే, 2024లో 22,845 కోట్లు పోయాయి. 1930 వ్యవస్థ 2021లో మొదలైనప్పటి నుంచి 2025 మధ్య దాకా 17.8 లక్షల ఫిర్యాదుల్లో ఆపగలిగింది 5,489 కోట్లు. నిలిచిపోయిన డబ్బు కూడా తనంతట తాను ఇంటికి రాదు, పెద్ద మొత్తమైతే కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో 2024 నుంచి ఈ కేసులను లోక్ అదాలత్‌లకు తెచ్చి బాధితులకు సొమ్ము తిరిగి ఇప్పిస్తున్నారు. అక్కడ డబ్బు చేతికందాలన్నా తొందరగా ఫోను చేయాలి, ఫిర్యాదు నంబరు జాగ్రత్తగా దాచుకోవాలి.